పురుగుల నడవలో నా పియానో

మా చిన్నప్పుడు... పట్టుపురుగులు నాలుగో జ్వరం లేచాయంటే మా ఊరు సాదలిలో, మా ఇంట్లో మనుషులకు విలువ ఉండేది కాదు. జ్వరమంటే జబ్బు కాదు లెండి. పురుగు మేత మానేసి, కదలకుండా పడుకుని పాత తోలు విడిచే రోజులు. నాలుగోసారి లేచాక దానికి ఆకలే ఆకలి... ఇంటిల్లిపాదికీ మల్బరీ ఆకు మోయడమే పని.

ఆ వారం అగరుబత్తి వెలిగించకూడదు. పౌడరు పూసుకోకూడదు. బయటి మనిషి గడప దాటకూడదు. ఎంత దగ్గరి చుట్టమైనా జగలి మీద, అంటే వీధి అరుగు మీదే, కాఫీ తాగి పోవాల్సిందే. కాపలా మా అవ్వది. దేవుడి గదికి కూడా ఆమె అంత నిష్ఠ పాటించేది కాదు.

ఆ పురుగుల నడవలోనే ఒక మూల నా కీబోర్డు. మా మామ బెంగళూరు నుంచి తెచ్చిచ్చాడు. ఇంట్లో దానికి వేరే చోటెక్కడిది...

అసలు పియానో శిడ్లఘట్టలో మా కాన్వెంటు స్కూలు ప్రార్థన హాల్లో ఉండేది. సంగీతం నేర్పే సిస్టర్ శనివారం బడి విడిచాక ఆ హాలు తాళం తీసేవారు. చింతామణి నుంచి మంజన్న వచ్చేవాడు. పెళ్లిళ్ల ఆర్కెస్ట్రాలో కీబోర్డు వాయించే మనిషి. ఉన్నది ముగ్గురమే. మాకు ఒకటే నియమం... ఇంకొకరు కట్టిన పాట వాయించకూడదు. సిస్టర్ నేర్పిన పాశ్చాత్య శాస్త్రీయ పద్ధతిలో, అప్పటికప్పుడు మనసులో పుట్టిందే వాయించాలి. ఒకరు ఆపిన చోట ఇంకొకరు అందుకోవాలి. నేను తడబడితే మంజన్న ఆ తప్పునే పట్టుకుని, దాన్నుంచి ఇంకేదో అందంగా అల్లేవాడు.

"పెండ్లిండ్లలో నన్నెవురూ వినరమ్మా... తింటాంటారు. ఈడ మీరిద్దురూ వింటాండారు. దానికే బస్సెక్కి వస్తాండా," అనేవాడు.

నేను ఎనిమిదో తరగతి పూర్తి చేసిన ఏడాది సిస్టర్ ఒక మాట చెప్పారు. బెంగళూరులో ఒక పియానో బడి ఉందట, హాస్టల్ కూడా వాళ్లదేనట. నేను సొంతంగా వాయించింది క్యాసెట్‌లో పంపితే, విని చేర్చుకుంటారట. ఆ మాట విన్నాక నాకు అన్నం సయించలేదు. నా బతుకంతా ఆ క్యాసెట్‌లోనే ఉన్నట్టనిపించింది.

అప్పటికి వేసవి సెలవులు. హాలుకు సున్నం కొడుతున్నారు. ఇక మా ఇంట్లోనే రికార్డు చేయాలి. జగలి మీద ప్లగ్గు లేదు, వీధి గోల వేరే. సరిగ్గా అప్పుడే మా పురుగులు నాలుగో జ్వరం లేచాయి.

అవ్వ ససేమిరా అంది. నాయన మాత్రం, "రానీలేమ్మా... కాళ్లు కడుక్కోని లోపలికి రానీ," అన్నాడు.

సిస్టర్, మంజన్న వచ్చారు. మంజన్న ఏదో పెళ్లి నుంచి నేరుగా టేపురికార్డరుతో వచ్చాడు... ఒంటి మీద అత్తరు. అవ్వ పసిగట్టేసరికి అతను నడవలో ఉన్నాడు.

నేను వాయించాను. చుట్టూ తట్టల్లో పురుగులు ఆకు నములుతున్న చప్పుడు. నాయన ఆకు బుట్ట నెత్తిన పెట్టుకుని గుమ్మంలో నిలబడిపోయాడు, నేను ఆపేదాకా దించలేదు.

"ఇది నువ్వే కట్టినావా?"

"అవును నాయనా."

"బాగుండాది."

మా నాయన నోటి నుంచి నేను విన్న మెప్పు అదొక్కటే.

రెండు రోజులకు పురుగులు పచ్చగా కక్కుకుని, మెలికలు తిరిగి చచ్చిపోయాయి. తట్టలకు తట్టలే. "అత్తరు పూసుకోనొచ్చి, ఆ సప్పుడు జేస్తే పురుగు తాళుతాదా?" అని అవ్వ ఏడుపు. ఊరంతా అదే మాట.

నాయన పెరట్లో గుంత తవ్వి పురుగులు పోస్తుండగా, సంగతి తెలిసి మంజన్న వచ్చాడు. గుంత చూసి తల దించుకున్నాడు.

"నా వల్లే అప్పా. నాకు బుద్ధి లేకపాయె. ఇదో, ఇది బిడ్డది... మీరే పంపించండి," అని క్యాసెట్ చాపాడు.

నాయన అందుకున్నాడు. గుంతలో పడేసి మన్ను కప్పాడు.

నేను అడ్డుపడలేదు. నా వల్లే అవి చచ్చాయని నేనూ నమ్మాను. కీబోర్డు మామ ఇంటికి తిరిగి వెళ్లిపోయింది. జూన్‌లో బడికి వెళ్తే సిస్టర్ లేరు, బదిలీ అయ్యారు. బెంగళూరు మాట మళ్లీ ఎత్తినవాళ్లు లేరు.

ఆ తర్వాతి పంటకు సంగీతం లేదు, అత్తరు లేదు, బయటి మనిషి లేడు. పురుగులు మళ్లీ అలాగే పోయాయి. ఈసారి రేష్మె ఇలాఖె, అదే పట్టు పరిశ్రమ శాఖ, ఆయన వచ్చి, మా ఆకు చూసి, పక్క చేను చూశాడు. టొమాటోకు కొట్టిన మందు గాలికి మా మల్బరీ మీద పడుతోందని తేల్చాడు.

ఆ సాయంత్రం నాయన నా పక్కన కూర్చున్నాడు. "నీ సంగీతం గాదమ్మా. మందు," అన్నాడు.

"మంజన్నకు చెప్తావా నాయనా?"

"యే మొగం పెట్టుకోని పోయేది..."

వెళ్లలేదు. చెప్పలేదు. తను చనిపోయేదాకా నాయన ఆ ఊసే ఎత్తలేదు.

పెద్దయ్యాక నేనే చింతామణిలో వెతుక్కుంటూ వెళ్లాను. మంజన్న మార్కెట్లో టొమాటో బాక్సులు లోడ్ చేస్తున్నాడు. మా గుంత చూసిన రోజు నుంచి కీబోర్డు ముట్టలేదట. జరిగింది చెప్పాను. విని, చేతులు చూసుకున్నాడు.

"అప్పుడే ఒక మాట చెప్పింటే అయ్యేది గదమ్మా... ఇప్పుడు ఈ చేతి ఏళ్లు తిరగవు," అన్నాడు.

కోపంగా అన్నా బాగుండేది.

ఇప్పుడు మా ఊళ్లో పురుగులకు వేరే షెడ్లున్నాయి. పిల్లలు ఫోన్లో ఒక ముక్క వాయించి పెడితే ముక్కూ మొహం తెలియనివాళ్లు కూడా విని బదులు వాయిస్తున్నారు. చూస్తుంటాను... నేనూ ఒక పియానో కొనుక్కున్నాను. ఎవరో రాసినవి తప్పుల్లేకుండా వాయిస్తాను. సొంతంగా మాత్రం ఒక్కటీ పుట్టడం లేదు. ఆ రోజు వాయించింది కూడా ఒక్క ముక్క గుర్తు లేదు.

మీలోనూ ఇలా మధ్యలో ఆగిపోయినవాళ్లు ఉండే ఉంటారు... మళ్లీ మొదలుపెట్టగలిగినవాళ్లు ఎవరైనా ఉంటే, ఎలాగో కింద రాయండి. నాకైతే చేతకాలేదు.