రెండూళ్లకు ఛాయ్

గుమ్మానికి నిమ్మకాయలు కూడా కట్టనివ్వని మనిషిని నేను. మేడ్చల్‌లో ఏళ్ల తరబడి పిల్లలకు సైన్సు పాఠాలు చెప్పాను. అందుకే ఈ సంగతి చాలాకాలం ఎవరికీ చెప్పలేదు.

రెండువేల సంవత్సరం తర్వాతి మాట. సైన్యంలో ఉన్న మా ఆయన యాదగిరి అంతర్జాతీయ శాంతి దళంతో ఆఫ్రికా వెళ్లారు. గొడవ రగిలాక ఆర్పడం కాదు, రగలకముందే మధ్యలో నిలబడటం వాళ్ల పని. మేడ్చల్ పక్కనే గౌడవెల్లిలో ఉన్న మా ఇంట్లో నేనూ, ఆయన నాయనమ్మా ఉండేవాళ్లం. అవ్వ మేడ్చల్ దాటి ఎన్నడూ పోలేదు.

ఒక ఆదివారం మధ్యాహ్నం అవ్వ కునుకు తీసి లేచి, "పెద్ద గిన్నెల ఛాయ్ పెట్టు బిడ్డా. రెండూర్లోళ్లు మస్తు కోపం మీదున్నరు, ఇటే వస్తున్నరు" అంది.

కాదంటే నొచ్చుకుంటుందని నాలుగు లీటర్ల పాలు తెచ్చి కాచాను. అల్లం తనే దంచింది. గ్లాసులు చాలకపోతే పక్కింటి మహబూబ్ బీ తన ఇంట్లోవి తెచ్చి, నవ్వుకుంటూ వాకిట్లో రెండు వరుసలు పేర్చింది.

ఛాయ్ పోశాక అవ్వ మధ్యలో పీట వేసుకుంది. "కట్టెలు కింద వెట్టుండ్రి. మీరిటు కూసోండ్రి, మీరటు" అని ఎవరినో గద్దించింది. మేమిద్దరం నవ్వాపుకోలేక లోపలికి పోయాం.

పది నిమిషాలకు వచ్చి చూస్తే గ్లాసులన్నీ ఖాళీ. నేల మీద చుక్క తడి లేదు. అవ్వేమో చెయ్యి పట్టుకుంటే తప్ప లేవలేని మనిషి.

వారం తర్వాత ఆయన ఫోన్ చేశారు. ఆ ఆదివారమే నీటి ఊట కోసం రెండు ఊళ్ల వాళ్లు ఈటెలతో ఎదురుపడ్డారట. మధ్యలో వీళ్లు ఎనిమిది మంది. ఒక్క ఈటె లేచినా ఆగేది కాదట. ఎవరూ చెప్పకుండానే ఇరువైపుల వాళ్లూ ఈటెలు కింద పెట్టి, రెండు వరుసలుగా కూర్చున్నారట. సాయంత్రానికి నీళ్లకు వంతులు కుదిరాయి. చెబుతూ చెబుతూ ఆయన సంతోషంతో ఏడ్చేశారు.

ఇక్కడి సంగతి నేనప్పుడు చెప్పలేదు. తిరిగొచ్చాక ఆయనొక ఫొటో చూపించారు. రెండు ఊళ్లూ కలిసి చేసుకున్న విందు అది. అవ్వ అందులో ఒక ముసలాయన మీద వేలు పెట్టింది.

"గీయన ఇంకో గ్లాసు అడిగిండు."

మా ఆయన ముఖం చూడాలి. ఆ రోజు ఆ పెద్దాయనే ఆయన దగ్గరికొచ్చి, ఇంకాస్త ఛాయ్ ఉందా అని అడిగాడట. వీళ్ల దగ్గర ఛాయే లేదు. దుబాసీ తప్పు చెప్పాడనుకుని ఆయన ఆ మాట ఎవరితోనూ అనలేదు.

ఇదెలా జరిగిందో నాకిప్పటికీ అంతుపట్టదు. అవ్వ మాత్రం ఆ ఫొటో ముందు నన్నే కోప్పడింది, పాలు తక్కువ పోశానని.