చిప్పులకు పెట్టిన బొట్టు

ఎనభైల చివర్లో జహీరాబాద్‌లోని మా చక్కెర ఫ్యాక్టరీ ఆఫీసుకు ఒక పాత కంప్యూటర్ వచ్చింది. హైదరాబాద్ ఆఫీసు వాళ్లు వాడి వాడి మా మొహాన పడేసినదే. అయినా టైపు మిషన్‌తో వేళ్లు అరిగిపోయిన నాకు అదే మహాభాగ్యం. ఎవరైనా చూస్తున్నారంటే చాలు, పని లేకపోయినా టకటకలాడించేదాన్ని.

బాధల్లా దాని మెమరీతోనే. కోహీర్ చెరకు రైతుల పేర్లు ఎక్కించి ఝరాసంగం రైతులవి మొదలుపెట్టేసరికి, చోటు చాలదని మొండికేసేది. మొరపెట్టుకోగా హైదరాబాద్ వాళ్లు తొమ్మిది మెమరీ చిప్పులు, ఒక ఉత్తరం బస్సులో పంపారు. బిగించుకోండి, చేతకాకపోతే మిషన్ వెనక్కి పంపేయండి అని. అది పోతే నేను మళ్లీ టైపు మిషన్ దగ్గరికే!

ఆ రోజు ఫ్యాక్టరీలో ఆయుధ పూజ. రెంచీలతో సహా అన్నింటికీ కుంకుమ పెడుతూ, పాపం ఇవేం చేశాయని చిప్పులకూ వరసగా ఒకే కొసన తలా ఒక బొట్టు పెట్టేశాను.

పండగ అయ్యాక బిగించడానికి మోటార్లు బాగుచేసే మిస్త్రీ చాచా వచ్చాడు. చిప్పు మీద చుక్క ఉన్న చివర వెనక్కి ఉండాలని ఉత్తరం చదివి చెప్పాను. చాచా ఎర్రచుక్కలు చూసుకుంటూ శ్రద్ధగా నొక్కాడు. స్విచ్ వేస్తే మాడిన వాసన! గబుక్కున ప్లగ్గు పీకేశాను.

చాచా ఒక చిప్పు ఊడదీసి తుడిచాడు. అసలు చుక్క రెండో చివర, చిన్న గుంటలా ఉంది.

"అరె బేటీ, ఈ లాల్ చుక్క ఎవ్వలు పెట్టిన్రు?"

"నేనే చాచా" అని ఏడ్చేశాను.

వాసనకు మేనేజర్ సార్ పరుగున వచ్చారు. నేను నోరు తెరిచేలోపే చాచా అందుకున్నాడు. "నేనే సార్. కండ్లద్దాలు పెట్టుకోలే, ఉల్టా పెట్టిన. జర టైమియ్యిన్రి."

"పొద్దుగూకే దాక చూస్త. కాకుంటే రేపు మిషన్‌ను బస్సెక్కిచ్చుడే!" అన్నారు సార్.

వేడెక్కాయే గానీ ఏదీ కాలిపోలేదని చాచా అన్నింటినీ తుడిచి సరిగ్గా నొక్కాడు. తెర మీద మెమరీ అంకె లెక్కపెట్టుకుంటూ పైకి పోయింది. పాత అంకె దగ్గరే ఆగుతుందేమోనని కళ్లార్పకుండా చూశాను. ఆగలేదు. రెట్టింపు దాకా పోయింది!

హైదరాబాద్‌కు జవాబు సార్ చెబుతుంటే ఆ మిషన్ మీదే టైపు చేశాను. "మిస్త్రీ పొరపాటు వల్ల" అన్నచోట నా వేళ్లు కదలలేదు. కుర్చీ పోతే పోయిందనుకున్నాను.

"తప్పు నాది సార్. చాచాది కాదు."

సార్ నా మొహం, గుమ్మం దగ్గరున్న చాచా మొహం చూశారు. "ఆ లైన్ తీసెయ్. మిషన్ నడుస్తున్నదని రాయి, చాలు."

టైపు మిషన్ అయితే కాగితం మొత్తం మార్చాల్సి వచ్చేది. ఇక్కడ ఒక్క మీట నొక్కుతూ చాచా మీది నిందను అక్షరం అక్షరం చెరిపేశాను.