తాటిచెక్క మీద డకోటా

మా ముత్తాత నరసింగరావు నంగునూరు దిక్కు కొన్ని ఊళ్ళకు దేశ్‌ముఖ్. ఆయన కొడుకు, మా తాత వెంకటరంగారావు, నిజాం కాలంలో బేగంపేటలో డకోటా విమానం ఎక్కి వచ్చిన మనిషి. మా చుట్టుపక్కల అంతకుముందు విమానం ఎక్కినవాళ్ళు లేరని ఇంట్లో చెప్పేవారు. కోటలాంటి మా గడి ముందు నుంచి పోయేవాళ్ళు చెప్పులు విడిచి చేతిలో పట్టుకునేవారు. ఇది గొప్ప కోసం రాయడం లేదు. లేదు, అబద్ధం. గొప్ప కోసమే రాస్తున్నాను. చాలా ఏళ్ళుగా నేను మోస్తున్న బరువు ఆ గొప్పలోంచి పుట్టిందే. ఇంటిపేరు మాత్రం రాయను. అంత ధైర్యం ఇంకా రాలేదు.

నేను ఒక మనిషిని గొడ్డలి తిరగేసి కొట్టాను. చెట్టు మీంచి పడ్డాడని అందరికీ చెప్పాను. అందరూ నమ్మారు.

అప్పటికి గడి లేదు, పొలాలు లేవు. సిద్దిపేటలో కిరాయి ఇల్లు. అందులో కిటికీ పక్కన ఒక బల్ల. దాని మీద ప్లాస్టిక్ విడిభాగాలతో చిన్న విమానాలు కట్టేవాణ్ణి. తెలంగాణ వచ్చిన కొత్తలో హైదరాబాద్ నుంచి డకోటా కిట్ తెప్పించాను. తాత ఎక్కిన విమానం. రెక్కల అతుకులు కనిపించకుండా పుట్టీ పెట్టి, నీళ్ళలో తడిపిన గరుకు కాగితంతో రుద్ది, నల్లరంగు వేసి, దాని మీద వెండిరంగు వేశాను. కిటికీ అద్దాలు మసకబారకుండా తెల్ల జిగురుతో అతికించాను. చుట్టాలు ఒక శుభకార్యానికి కలవబోతున్నారు. మేమెవరమో వాళ్ళకు గుర్తు చేయాలనుకున్నాను.

విమానం నిలబెట్టడానికి పీట కావాలి. బజారులో దొరికే చెక్క నాకు పనికిరాదు. తాత విమానం మా నేల చెక్క మీదే నిలబడాలి. మాకు మిగిలింది వానకే పండే రాళ్ళ చెల్క ఒక్కటే, అందులో కొన్ని తాళ్ళు, అంటే తాటిచెట్లు. ముసలి తాటి మొదట్లో, బెరడు కింద, నల్లటి గట్టి చెక్క ఉంటుంది. దానిలో సన్నటి తెల్ల చారలు. మెరుగు పెడితే రాయిలా మెరుస్తుంది. రంపం, గొడ్డలి పట్టుకుని పోయాను. అన్నిటికన్నా ముసలిది చూసి, మొదట్లో ఒక పలక ఊడేలా కోయడం మొదలుపెట్టాను.

మా దిక్కు ఒక కట్టుబాటు ఉంది. చెల్క ఎవరిదైనా, తాడు మీద హక్కు దాన్ని కల్లుకు గీసే గౌడుది. చెట్టుకు రంపం పెట్టాలంటే ముందు అతనికి చెప్పాలి. నాకు తెలియక కాదు. అడగడం నాకు చేతకాలేదు.

ఆ తాళ్ళు గీసేది మల్లాగౌడ్. నాకన్నా పదేళ్ళు పెద్ద. అప్పట్లో నా నోట ‘వాడు’ అనే వచ్చేది. సాయంత్రం గీతకు వచ్చి, నన్ను చూసి నిలబడిపోయాడు.

“ఆగు దొరా, ఆగు! ఏం చేస్తున్నవ్?”

“కనిపిస్తలేదా? కట్టె కోస్తున్న.”

“గది నేనెక్కే తాడు. నాకొక్క మాట చెప్పద్దా?”

“నా చెల్కల నా చెట్టు. నిన్నడగాల్నా?”

ఆయన వంగి, రంపం దిగిన చోట వేలు పెట్టి చూశాడు. “ఎందుకు గింత చెక్క?”

“విమానం బొమ్మ కింద పెట్టనీకి.”

“బొమ్మ కిందికా!” పకపకా నవ్వాడు. “మీ తాత విమానమెక్కిండట. నువ్వు దాన్ని బల్ల మీద పెట్టుకుంటున్నవ్. నేనే నయం గద దొరా, పొద్దుగాల, పొద్దుమీకి పైకెక్కుతున్న.”

అంతే అన్నాడు. అందులో తిట్టు లేదు. ఇప్పుడు తలుచుకుంటే, అది ఇద్దరు మగవాళ్ళు చెట్టు కింద నవ్వుకోగల మాట. నేనెందుకు నవ్వలేదు?

మొదటి దెబ్బ మోకాలి మీద. ఎండుకట్టె విరిగినట్టు చప్పుడు వచ్చింది. ఆయన కూలబడ్డాడు. నోరు తెరిచాడు కానీ గాలి మాత్రమే బయటికి వచ్చింది. నడుముకు కట్టుకున్న కల్లు లొట్టి పగిలింది. అడుగున ఉన్న కల్లు నెత్తుటిలో కలిసి నురగ కట్టింది. అక్కడ ఆగితే కోపం అని చెప్పుకునేవాణ్ణి. ఆగలేదు. ఆయన చెయ్యి అడ్డం పెడితే చేతి మీద కొట్టాను. వేళ్ళు పక్కకు ఒరిగాయి. తర్వాత మళ్ళీ అదే మోకాలి మీద కొట్టాను, చూసి, గురిపెట్టి. ఈ మూడో దెబ్బ గురించే ఇదంతా రాస్తున్నాను. ఒంట్లో ఉన్న దొర నెత్తురు కొట్టించిందని ఎన్నోసార్లు నాకు నేను చెప్పుకున్నాను. ముత్తాత కొట్టలేదు. తాత కొట్టలేదు. నేను కొట్టాను. ఆ కాలే ఆయన్ని పైకి మోస్తుందని నాకు తెలుసు. తెలిసే కొట్టాను.

ఆయనకు తెలివి తప్పింది. ఆయన్ని చెట్టు మొదటికి ఈడ్చాను. చెట్టెక్కడానికి కట్టుకునే మోకు విప్పి పక్కన పడేశాను. రంపపు గాటులో మన్ను కూరాను. అప్పటికే ఊడి వచ్చిన చెక్కను గోనెసంచిలో చుట్టి బండి డిక్కీలో పెట్టాను. ఆ తర్వాతే రోడ్డు మీదికి పరుగెత్తి, మల్లాగౌడ్ పడ్డాడని అరిచాను.

మొదట చెక్క దాచాను. మనిషి కోసం తర్వాత అరిచాను. ఈ వరుస మీరు గమనించాలి.

దవాఖానలో ఆయన భార్యను పక్కకు పిలిచాను. చెట్టు మీంచి పడ్డవాళ్ళకు సర్కారు సాయం వస్తుంది, కొట్టించుకున్నాడంటే ఠాణా చుట్టూ తిరగడమే మిగులుతుంది అన్నాను. బెదిరించానా, సలహా ఇచ్చానా? మెత్తగానే మాట్లాడాను. మెత్తగా మాట్లాడటం మా ఇంట్లో అందరికీ వచ్చు. కళ్ళు తెరిచాక మల్లాగౌడ్ తన భార్య ముఖం చూశాడు, నా ముఖం చూశాడు. పడ్డానన్నాడు. సాయం వచ్చింది. నా అబద్ధమే వాళ్ళకు కూడు పెట్టిందని చాలా రోజులు నన్ను నేను ఊరడించుకున్నాను.

చెక్కను చిత్రిక పట్టాను. వార్నిష్ పూసి, రన్‌వే పక్క నేలలా ఎర్రమన్ను చల్లి, ఇత్తడి మేకులతో చక్రాలు నిలబెట్టాను. పని బాగా కుదిరింది. దాచను, అంత బాగా ఇంకేదీ కుదరలేదు. చుట్టాలు చుట్టూ మూగారు. మా చిన్నాయన కళ్ళు తుడుచుకున్నాడు.

ఇక మల్లాగౌడ్ సంగతి. కాలు పనికిరాకుండా పోయి మళ్ళీ చెట్టెక్కలేకపోవడం నేను తీసుకున్నదాంట్లో సగమే. ఆయన ఎన్నడూ జారని మనిషి. వానలో, చెట్టు పాకుడు పట్టినప్పుడు కూడా జారలేదు. గీతవాళ్ళలో ఆయనకున్న పేరు అది. మా గడికున్న పేరు కన్నా గట్టిది, ఎందుకంటే రోజూ సంపాదించుకున్నది. నా మాటతో ఆయన పడ్డవాడయ్యాడు. గీతవాళ్ళ దేవుడు కాటమయ్యకు మొక్కు తప్పాడని కొందరన్నారు. తాగి ఎక్కాడని కొందరన్నారు. ఆయన ఏటా కట్టె పట్టుకుని కుంటుకుంటూ కాటమయ్య దగ్గరికి పోయి మేకను కోసేవాడు. పడని పడటానికి మొక్కు చెల్లించేవాడు. ఆ దేవునికైనా నిజం చెప్పి ఉంటాడా? నాకు తెలియదు.

నిరుడు ఆయన పోయాడు. దినాలకు వెళ్ళాను. కుర్చీ వేశారు. కూర్చున్నాను. ఒక ముసలి గౌడు, “మల్లిగాడు సుత పడ్డడంటే చెట్టును నమ్మద్దుర్రా” అని తన వాళ్ళకు చెబుతున్నాడు. పడలేదు అనాలి. ఒక్క మాట. నోరు తెరిచాను. మంచినీళ్ళు కావాలా అని ఎవరో అడిగారు. కావాలన్నాను. తాగాను. లేచి వచ్చేశాను.

ఆయన పడలేదు. మల్లాగౌడ్ ఏ చెట్టు మీంచీ ఎన్నడూ పడలేదు. ఆ మాట రాయడానికి ఇన్నేళ్ళు పట్టింది. మీరు క్షమించాలని రాయలేదు, మీకు ఆ హక్కు లేదు. ఉన్నవాడు పోయాడు. ఆయన భార్య ముందు ఈ మాట అనగలనా? ఇవాళ అనలేను. అయినా కాగితం మీద ఆ మాట చూస్తుంటే ఊపిరి కాస్త కిందిదాకా పోతోంది. అంతవరకే.

ఆ చెల్కను మొన్న వేసంగిలో ప్లాట్లు చేసేవాళ్ళకు అమ్మాను. తాళ్ళతో సహా రాసిచ్చాను, ఈసారీ ఏ గౌడునూ అడగకుండా.