విమానానికి కుడికాలు

ఢిల్లీ పక్కనున్న వైశాలిలో మా ఫ్లాటు కింది కిరాణా కొట్లో మొన్న ఆముదం సీసా మూత తీసి వాసన చూసి, కొట్టు భయ్యా ఎదుటే నవ్వేశాను. ఆ వాసనకి అందరికీ తలంట్లు గుర్తొస్తాయట. నాకు మాత్రం జనక్‌పురి పార్కు, వేళ్ల మధ్య జారే రబ్బరు, ఎగరడానికి చేతిలో గింజుకునే ఒక చెక్క విమానం గుర్తొస్తాయి.

నాన్న వైమానిక దళంలో ఇంజన్ ఫిట్టరు. క్వార్టరు దొరక్క ఢిల్లీ జనక్‌పురిలో అద్దెకుండేవాళ్లం. ఇంట్లో గుంటూరు తెలుగు, మెట్ల మీద పంజాబీ, గేటు దాటితే హిందీ. కార్తీకమాసంలో అమ్మ డాబా మీద ఎండలో కూర్చుని దూది వత్తులు చేస్తూ "పురి సరిగ్గా పడాలే" అంటుండేది కాబట్టి, జనక్‌పురి అంటే జనక్ అనే పెద్దమనిషి ఎవరో పేనిన తాడని చాలాకాలం నమ్మాను. ఆ మాట బళ్లో చెబితే క్లాసంతా పడీపడీ నవ్వింది.

చలికాలమంటే మాకు డాబాయే. ఒక మూల అమ్మ వత్తులు, ఇంకో మూల పై అంతస్తు పంజాబీ ఆంటీ ఊలు అల్లిక, మధ్యలో ఒలిచిన బఠాణీల పచ్చి వాసన, కింద వీధిలో నిప్పుల మీద కాల్చి నిమ్మకాయ పిండిన చిలగడదుంపలు, పళ్లకి అతుక్కునే నువ్వుల గజక్, పొగమంచు విడిపోగానే పార్కులోకి దూకే పిల్లల అరుపులు. అలాంటి చలికాలంలోనే నాన్న నాకు విమానం తెచ్చాడు. కాగితమంత తేలికైన చెక్క, ముందు పంకా, దాని వెనక పొడవాటి రబ్బరు. పంకాని వేలితో తిప్పేకొద్దీ రబ్బరుకి పురెక్కుతుంది. తెగకుండా ఆముదం రాసేవాళ్లం. వదిలితే పురి విడుతూ పంకాని గిర్రున తిప్పుతుంది.

మొదటిసారి వదలగానే అది ఎడమకి ఒరిగి, గుండ్రంగా తిరిగి, నేలకి కొట్టుకుని రెక్క విరగ్గొట్టుకుంది. పై అంతస్తు ఆంటీ కొడుకు హర్‌ప్రీత్ చప్పట్లు కొట్టాడు. "జహాజ్ నహీ, లట్టూ హై లట్టూ!" నా విమానాన్ని బొంగరమన్నాడు! నాకు ఒళ్లు మండింది. అయినా చూసింది చూసినట్టే లెక్క వేశాను. వెనక నుంచి చూస్తే పంకా కుడికి తిరుగుతోంది, దాన్ని అటు తిప్పే బలమే విమానాన్ని ఎడమకి తోస్తోంది. అయితే కుడి రెక్క బరువెక్కాలి. విమానంతో వచ్చిన విడి చెక్కతో కొత్త రెక్క అతికించి, కుడి రెక్కకి కొద్దికొద్దిగా మట్టి అంటిస్తూ, పురి పెంచుతూ, సరిపోయేదాకా తూచాను. ఈసారి బాణంలా వెళ్లింది! వెళ్లి, సగం దారిలో కుడికి తిరిగి జారుడుబల్లకి గుద్దుకుంది. రెండో రెక్కా పోయింది.

మిగిలిన చెక్క ఒక్క రెక్కకే వస్తుంది. "ఇదీ విరిగితే ఇంకోటి కొనేది లేదు" అని అమ్మ తేల్చేసింది. విరిగితే పంకా తనదేనని హర్‌ప్రీత్ అందరి ముందూ నాచేత ఒప్పించుకున్నాడు.

ఆ రాత్రి అన్నాల దగ్గర నాన్న అన్నాడు: "పెద్ద విమానమైనా అంతేనమ్మా. ఒక్క ఇంజన్‌ది, పవర్ మొత్తం ఇస్తే ముక్కు ఎడమకి లాగుద్ది. ముక్కు తిన్నగా ఉండాలని పైలట్ కుడికాలి పెడల్ తొక్కిపెడతాడు. పవర్ తగ్గిస్తే కాలు వదులు చేస్తాడు. మరి నీ దాంట్లో కాలెవరిదే?"

"ముందు తినండి ఇద్దరూ, పప్పు చల్లారిపోతంది" అంది అమ్మ.

ముద్ద కలుపుతూనే లెక్క వేశాను. నా దాంట్లో కాలు ఆ మట్టే, కానీ అది వదులు కాదు! పురి విడేకొద్దీ ఎడమ లాగుడు తగ్గుతుంది, మట్టి బరువు మాత్రం అలాగే ఉంటుంది, అందుకే కుడికి పడింది. పురితోపాటే తగ్గే కాలు కావాలి. పురితోపాటు తగ్గేదేముంది? పంకా లాగే బలమే! అయితే ఆ పంకానే కాస్త కుడికి చూసేలా పెడితే?

ఆదివారం పొద్దున ఆఖరి రెక్క అతికించి, పంకా బిగించిన దిమ్మకీ ముక్కుకీ మధ్య, ఎడమ పక్కన, అగ్గిపుల్ల చీలిక దూర్చాను. ఈసారి రెక్కకి మట్టి అంటించలేదు. పురెక్కించి వదిలాను. విమానం వణుకుతూ లేచింది. ఎడమకి పోలేదు. జారుడుబల్ల దాటింది. పురి తగ్గింది, పంకా మెల్లబడింది, అయినా కుడికీ పోలేదు! పార్కు అవతలి కంచె పక్కన గడ్డి మీద, పిచ్చుక వాలినట్టు వాలింది. హర్‌ప్రీత్ నాకంటే ముందు పరిగెత్తి, రెక్క తడిమి చూసి "సాబుత్ హై!" అని అరిచాడు. చెక్కు చెదరలేదట. పందెం ఓడినవాడు అంత సంతోషంగా అరవడం నేను మళ్లీ చూడలేదు.

ఆ పార్కులో సగం ఇప్పుడు కార్లు నిలుపుకుంటున్నారు. చెక్క అమ్మే కొట్టు లేదు, పురెక్కే రబ్బరు ఎవరికీ తెలియదు. మా పక్క ఫ్లాటు తెలుగువాళ్ల అమ్మాయి నిన్న డాబా మీద డ్రోను ఎగరేస్తోంది.

"ఇది ఎటు లాగుతుందమ్మా?" అన్నాను.

"కిసీ తరఫ్ నహీ, ఆంటీ."

నిజమే, ఎటూ లాగదు. నాలుగు పంకాల్లో రెండు ఇటు, రెండు అటు తిరిగి ఒకదాని లాగుడు ఒకటి తినేస్తాయి. ఎంత అందమైన లెక్క! కానీ ఆ లాగుడు ఆ పిల్ల చేతికి ఎప్పటికీ తెలియదు.

"ఒక్క పంకా ఊడదీసి చూద్దామా?" అన్నాను.

"పాగల్ హో క్యా, ఆంటీ!" అని నాకు పిచ్చెక్కినట్టు చూసి, డ్రోను గుండెకి హత్తుకుని మెట్లు దిగి పారిపోయింది. ఒక్క పంకా ఊడితే అది ఎటు తిరుగుతుందో నాలో లెక్క అప్పటికే మొదలైపోయింది.