బాపమ్మ తెచ్చుకోని పిడికెడు మట్టి

మా చిన్నప్పుడు ఎండాకాలంలో గోదావరి కనపడేది కాదు... తవ్వుకోవాల్సి వచ్చేది. బాపమ్మ, అంటే మా నాన్న తల్లి, ఇసుకలో మోకాళ్ల మీద కూర్చుని చేతులతో చెలిమె తవ్వేది. ముందు బురదనీళ్లు ఊరేవి. వాటిని చిప్పతో తోడిపోసి ఆగితే, కాసేపటికి తేటనీళ్లు...

మాది వెల్గటూర్ దగ్గర, ఒడ్డునే ఊరు. నేను జగిత్యాల కాన్వెంటు హాస్టల్ నుంచి సెలవులకు వచ్చేదాన్ని. వానలకు గట్టు కోసుకుపోతే పాతకాలపు ఇటుకలు బయటపడేవి... ఒక్కొక్కటి నా పలక కంటే పెద్దది. రాజుల కాలం నాటివని అనేవాళ్లు. బాపమ్మ ఒకదాని మీద నీళ్లబిందె పెట్టుకుంది.

తాత కల్లు గీసేవాడు. ఆయన ఎక్కిన తాటిచెట్ల కిందే ఆయన్ను పూడ్చిపెట్టారు. "బతికినన్ని రోజులు చెట్టు మీదనే ఉండె. ఇప్పుడన్న కింద కుదురుగ పండుకున్నడు," అనేది బాపమ్మ. చెలిమె నీళ్లు ముందు ఆ సమాధి మీద చల్లాకే మేం తాగేవాళ్లం.

నేను ఏడో తరగతిలో ఉండగా, ఆనకట్టతో ఊరు మునుగుతుందన్నారు. నీళ్లు ఎక్కడిదాకా వస్తాయో చూపించే మ్యాపు పట్టుకొని ప్రాజెక్టు ఆఫీసు సారు ఒకాయన వచ్చి బడి దగ్గర కూర్చున్నారు.

"బిడ్డా, సదువుకున్నదానివి. గా సారును అడుగు... తాత పండుకున్నకాడికి నీళ్లు అస్తయా? అచ్చేటట్టుంటే పిడికెడు మట్టన్న తీస్కపోత."

సమాధి మట్టిని కొత్తచోట పూడిస్తే పోయిన మనిషి కూడా వెంట వస్తాడని మావాళ్ల నమ్మకం.

సారు చుట్టూ అంతా మగవాళ్లే. వెళ్లి నిలబడ్డాను. మాట రాలేదు. దారిన పోతున్న పక్కింటి లచ్చవ్వ చూసి, "ఏందే పిల్లా, నోరు హాస్టల్ల మర్చిపోయి అచ్చినవా?" అంది. అందరూ నవ్వారు. తిరిగి వచ్చేశాను.

"నీళ్లు రావట బాపమ్మా," అన్నాను.

"అయితె ముసలోడు పైలమే," అని ఆమె నిమ్మళంగా సామాను సర్దుకుంది.

ఆ వానాకాలం తాటిచెట్లు నడుముదాకా, తర్వాత మెడదాకా మునిగాయి...

ఊరు మునిగినవాళ్లకు కట్టిన కాలనీ ఇంట్లో ఉన్నన్నాళ్లూ బాపమ్మ ఆ సారునే తిట్టింది. "నా బిడ్డకు అబద్ధం జెప్పిండు. పసిపిల్లకు జెప్పనీకె గాయినకు నోరెట్లచ్చిందో!" నేను పుస్తకంలోంచి తల ఎత్తేదాన్ని కాదు.

పోయినేడు ఆమె పోయింది. కాలనీ వెనుక కొత్త శ్మశానంలో... ఒక్కతే.

ఇప్పుడు గోదావరి ఎండల్లోనూ నిండుగా ఉంటోంది. ఒడ్డున నిలబడి ఫొటోలు దిగుతున్నారు. నిజంగానే అందంగా ఉంది. చెలిమె అంటే ఏమిటో మా ఇంట్లో పిల్లలకు తెలియదు.

ఆ సారు అబద్ధం చెప్పలేదు. నేను అసలు అడగనే లేదు. బాపమ్మ బతికుండగా ఈ మాట ఒక్కసారైనా చెప్పాల్సింది.

మీ ఊరూ నీళ్ల కిందే ఉంటే, అక్కడ ఉండిపోయిన మీవాళ్ల పేరు ఒక్కటి రాయండి...

మా తాత పేరు మల్లయ్య.