మావయ్య ‘ఎస్’ కొట్టిన పూట

నిన్న ఆఫీసులో కొత్త కంప్యూటర్‌కి ఫైళ్లు పంపబోతే తెర మీద ఆ పాత ప్రశ్నే వచ్చింది: అవతలి యంత్రం ఎవరిదో నాకు తెలియదు, కలపమంటావా, వద్దా? అలవాటుగా ‘ఎస్’ కొట్టబోయి పైకే నవ్వేశాను. పక్క సీటావిడ అనుమానంగా చూసింది. ఈ ప్రశ్నకి జవాబు చెప్పడానికి మా మావయ్యకి ఒక పూట పట్టిందని ఆవిడకెలా చెప్పను?

మావయ్యకి గజపతినగరంలో ఫోటో స్టూడియో ఉండేది. ఓ వేసవిలో ఆయన కంప్యూటర్‌లోని డిస్కు, పోయేముందు చేసే చప్పుడుతో, టకటకమని కొట్టుకోవడం మొదలెట్టింది. ఊళ్లోవాళ్ల పెళ్లి వీడియోలన్నిటికీ నకళ్లు తీసి దాచిన మనిషి, పోయిన మా అమ్మమ్మ గొంతున్న ఒకే ఒక్క వీడియోని మాత్రం అందులోనే వదిలేశాడు. పెన్‌డ్రైవ్ పెడితే ఆ కంప్యూటర్ ఎప్పుడో పలకడం మానేసింది. అందుకని విజయనగరంలో ఉన్న నా కంప్యూటర్‌కి నెట్ మీద, దారిలో ఎవరు తొంగిచూసినా ఏమీ అర్థంకాకుండా పంపే పద్ధతొకటి ఫోన్లో చెప్పి టైపు చేయించాను. అప్పుడొచ్చింది ప్రశ్న.

“ఎస్ కొట్టు మావయ్యా, బేగి కొట్టు” అన్నాను.

“ముక్కూమొగం తెలీనోడికి మాయమ్మని ఎలాగ అప్పసెప్తానే? అది నీదో కాదో ముందు తేల్సు” అన్నాడు. అత్తని చూడకుండానే పెళ్లికి సరేనన్న మనిషి!

ప్రతి కంప్యూటర్‌కీ వేలిముద్రలాగా పొడుగాటి అక్షరాల వరస ఒకటుంటుంది, ఆ ప్రశ్నతోపాటే అదీ తెర మీద కనిపిస్తుంది. నా కంప్యూటర్‌ది నేను చదువుతుంటే ఆయన తన తెర మీద వేలుపెట్టి సరిచూసుకున్నాడు. నేను “గరివిడిలో జి” అంటే, “పెద్ద గరివిడా, సిన్న గరివిడా?” అంటాడు, అక్షరం పెద్దదో చిన్నదో తేల్చుకోడానికి. కొత్తవలసలో కె దాటేసరికి ఎవరో పాస్‌పోర్టు ఫోటోకి వచ్చారు. మళ్లీ మొదటికొచ్చాం. ఫోన్లో డిస్కు టకటక వినిపిస్తోంది, నాకు ఏడుపొచ్చేస్తోంది. వెనకనించి అత్త, “ఏటా ఇసారణ? అది సచ్చాక కొడతావేటి?” అని కేకలు.

మొత్తానికి కొట్టాడు. వీడియో సాంతం వచ్చింది. సాయంత్రానికి ఆయన డిస్కు మూగబోయిందనుకోండి, అది వేరే సంగతి. వచ్చీరాగానే తెరిచి ఫోన్ దగ్గరగా పెట్టాను. కొత్త కెమెరా పరీక్షించుకుంటూ తీసిన వీడియో అది. అందులో అమ్మమ్మ పాటలూ పాడలేదు, దీవెనలూ ఇవ్వలేదు. “ఒరే, ఆ డబ్బా పక్కనెట్టి రారా, కూడు సల్లారిపోతన్నాది” అని తిడుతోంది, అంతే.

“వస్తన్నానమ్మా” అన్నాడు అవతల మావయ్య.

అని, కుర్చీలోంచి లేచి నిలబడ్డాడట, అత్త తర్వాత చెప్పింది. ఏళ్లు గడవడమంటే ఇంతేనేమో, పిలిచేవాళ్లు ఉండరు, పలికే అలవాటు మాత్రం పోదు.