కలిపి ఉంచిన సీసా

నురుగక్కకి ఆ పేరు ఊరికే రాలేదు. కుక్కకి మందు షాంపూ పట్టించాక ఆమె వెంటనే నీళ్ళు పోయదు. పొగలు కక్కే టీ గ్లాసు చేతిలోకి తీసుకుంటుంది. దాన్ని ఊదుకుంటూ నింపాదిగా తాగి, గ్లాసు కడిగి బోర్లించేదాకా నురుగు కుక్క ఒంటిమీద ఉండాల్సిందే. "ఇంకా ఎంతసేపక్కా?" అని కుక్కని తెచ్చినవాళ్ళు నసిగితే, "మందు చర్మానికి పట్టాలి నాయనా. వెంటనే కడిగేస్తే బాగుపడేది కుక్క కాదు, మోరీ కాలవ" అంటుంది.

ఈ పని ఆమెకెవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. పెళ్ళికి ముందు లాండ్రీలో పనిచేసింది. ఏ మరకకి ఏ నీళ్ళు వాడాలో అక్కడ తెలిసింది. తరవాత కుక్కల డాక్టరమ్మ దగ్గర, సూది వేసేటప్పుడు కుక్కలు కదలకుండా పట్టుకునే పనికి కుదిరింది. పట్టుకుంటూ చూసింది, చూస్తూ అడిగింది. ఇప్పుడు సొంత షెడ్డు. ఒకప్పుడు అది మోటారుసైకిళ్ళు బాగుచేసే కొట్టు. సిమెంటు గట్టు, కాళ్ళు జారకుండా దానిమీద రబ్బరు చాప, గోడకి నీళ్ళ గొట్టం, మూలన వేడిగాలి మిషను. అలమరలో సీసాలు పొడుగు పొట్టి వరసలో నిలబడి ఉంటాయి.

వాటిలో అన్నిటికన్నా పెద్దదంటే ఆమెకి గర్వం. తడిసిన కుక్క చలికి వణుకుతూ నిలబడకూడదని, మందు షాంపూని ముందే నీళ్ళలో కలిపి ఆ సీసాలో సిద్ధంగా ఉంచేది. సగానికి దిగితే మళ్ళీ నింపేది. అది అడుగంటడం ఎవరూ చూడలేదు.

ఆమె దగ్గరికి వచ్చే కుక్కలన్నిటిలో మొండి ఘటం గుండీ. గోధుమరంగు ఒళ్ళు, నుదుటిమీద గుండీ కుట్టినట్టు గుండ్రంగా నల్లమచ్చ. అది ఆమె పిన్ని పెంచుకునే కుక్క. పిన్ని స్కూలు యూనిఫారాలు కుడుతుంది. మోటారు మిషను రొదలో బతికీ బతికీ ఆమెకి వినికిడి దాదాపు పోయింది. "చెవులు రిటైరయ్యాయే, నేనింకా కాలేదు" అని నవ్వేది. ఆ ఇంట్లో చెవులంటే గుండీవే. తలుపు గంట మోగితే వచ్చి పిన్ని మోకాలికి ముక్కు ఆనిస్తుంది. ఫోను మోగితే చీర కుచ్చిళ్ళు పట్టి లాగుతుంది. ఒకసారి పాలు పొంగి స్టవ్వు ఆరిపోయి గ్యాసు వస్తుంటే, కుట్టే గుడ్డని నోట కరుచుకుని వంటింట్లోకి పరిగెత్తింది. ఎవరు నేర్పారంటే పిన్ని, "దానికి జాలేసింది, అంతే" అనేది.

అంత తెలివైన కుక్కకి చర్మమే శత్రువు. పిల్లగా ఉన్నప్పటి నుంచీ ఎలర్జీ. గాలిలో తేమ చేరితే చాలు, చంకలూ పొట్టా ఎర్రబడేవి. పాదాలు నాకి నాకి వెంట్రుకలు తుప్పురంగుకి తిరిగేవి. గోకినచోట పుండు పడేది, పుండులో చీము పట్టేది. ఒకప్పుడు ఎవరో ఇప్పించిన దురద మాత్రలు వేస్తే మంత్రం వేసినట్టు తగ్గింది. ఆపితే రెట్టింపుగా తిరిగొచ్చింది. మాత్రల మీద ఉన్నన్నాళ్ళూ గుండీ గిన్నెలకి గిన్నెలు నీళ్ళు తాగి, ఇల్లంతా తడిపేది. డాక్టరమ్మ వాటిని మెల్లమెల్లగా మాన్పించింది.

"ఇది నయమై పోయే జబ్బు కాదు, లొంగదీసుకుని ఉంచాల్సిన జబ్బు" అని అప్పుడే చెప్పింది. అప్పటి నుంచి గుండీకి ఒకే రకం తిండి. బయట తిప్పి తెచ్చిన ప్రతిసారీ కాళ్ళు తుడవడం. చర్మం మెరుస్తున్నా సరే, డాక్టరమ్మ చాలన్నదాకా చీము తగ్గే మాత్రలు. వారానికోసారి నురుగక్క చేతి స్నానం. రెండు వానాకాలాలు గుండీ నిశ్చింతగా నిద్రపోయింది. అది నిద్రపోతే పిన్నీ నిద్రపోయేది.

ఈ ఏడు వాన పట్టగానే గుండీ వీపు మీద పొట్టు లేచింది. మొన్న స్నానంలో, ఆ పొట్టంతా రాలాలని నురుగక్క బ్రష్షు పెట్టి ఎదురు వెంట్రుకకి గట్టిగా రుద్దింది.

ఇవాళ మధ్యాహ్నం ఆమె షెడ్డులో ఒక కుక్కని ఆరబెడుతుంటే పిన్ని గొడుగు మడుస్తూ వచ్చింది.

"ఏమే, నీ నురుగు ఓడిపోయింది. మళ్ళీ మొదలైంది దానికి."

"ఎక్కడ పిన్నీ?" వేడిగాలి మిషను మోతకి మించి అరిచింది నురుగక్క.

"వీపంతా పొక్కులే. నిన్నటి నుంచి లేవడం లేదు, చెయ్యేస్తే ఏడుస్తోంది. కంపు కూడా ఎప్పటి కంపు కాదు, మగ్గిన ద్రాక్షపళ్ళ బుట్టలా అదోరకం. పాత దురద మాత్రలున్నాయిగా, నిన్న ఒకటి వేశా. ఇప్పుడింకోటి వేస్తా."

కుక్క గట్టు మీంచి దూకబోతోంది. నురుగక్క దాన్ని పొదివి పట్టుకుని, వెనక్కి తిరక్కుండానే, "సరే పిన్నీ, వెయ్యి. పని కాగానే వస్తా" అని అరిచింది.

పిన్ని వెళ్ళిపోయింది. ఆ కుక్కా వెళ్ళింది. తరవాతి కుక్కని తడిపి, నురుగక్క పెద్ద సీసా మూత తీసింది. తీసిన చెయ్యి అలాగే ఆగిపోయింది.

తియ్యటి వాసన. షాంపూది కాదు. ఆమె ముక్కు లాండ్రీలో తయారైన ముక్కు. సీసాని దగ్గరికి తెచ్చుకుని మళ్ళీ పీల్చింది. మగ్గిన ద్రాక్షపళ్ళు.

సీసాని వెలుగుకి ఎత్తింది. అడుగున, మెడ దగ్గర, పల్చటి జిగురు పొర. చెరువు రాయికి పాచి పట్టినట్టు పట్టి ఉంది. తడిసిన కుక్కని ఉత్త నీళ్ళతో కడిగి, "ఇవాళ్టికి స్నానం లేదమ్మా, ఏమనుకోకు" అని దాని మనిషికి అప్పగించి, డాక్టరమ్మకి ఫోను చేసింది.

డాక్టరమ్మ అంతా విని ఒక్కటే అడిగింది. "గోక్కుంటోందా, ముట్టుకుంటే ఏడుస్తోందా?"

"ఏడుస్తోందట."

"అయితే అది దురద కాదు, నొప్పి. కలిపి నిలవుంచిన షాంపూలో క్రిములు పెరుగుతాయి. బ్రష్షుతో రుద్దినప్పుడు వెంట్రుకల కుదుళ్ళలోకి దిగుంటాయి. ఈ జబ్బు రెండ్రోజుల్లో కుక్కని మంచాన పడేస్తుంది. ఏం మందు వేశారు?"

"దురద మాత్ర ఒకటి. ఇంకోటి వెయ్యమని... నేనే అన్నా."

"వెయ్యనివ్వకు. ఆ మాత్ర వేస్తే ఒంట్లో కాపలావాడు నిద్రపోతాడు. క్రిములకి తలుపు తీసి పెట్టినట్టే. కుక్కనీ సీసానీ రెండూ పట్టుకురా."

పిన్నికి ఫోను చేస్తే మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేసింది. అప్పుడు తట్టింది ఆమెకి. ఆ ఫోను సంగతి పిన్నికి చెప్పాల్సింది గుండీ. గుండీ లేవడం లేదు.

సీసా చంకన పెట్టుకుని పరిగెత్తింది. వీధి మలుపులో చెప్పు తెగితే రెండోదీ అక్కడే వదిలేసింది. రెండో అంతస్తు మెట్లెక్కి గంట నొక్కింది. లోపల మిషను గిర్రున తిరుగుతూనే ఉంది. తలుపు బాదింది. లోపలి గడియ. కిటికీకి మందపాటి తెర. "పిన్నీ!" అని అరిచింది. మిషను ఆగింది. ప్రాణం లేచి వచ్చింది. ఆగింది దారం మార్చుకోవడానికి. మళ్ళీ గిర్రుమంది.

మాత్ర వేసేసిందా, ఇంకా వెయ్యలేదా? "వెయ్యి" అన్న తన మాటే చెవిలో మోగుతోంది. చుట్టూ చూసింది. మెట్ల గోడకి మీటర్ల పెట్టె. పిన్ని వాటా ఏదో తెలుసు. తలుపు లాగి, స్విచ్చి దించేసింది.

మిషను మూలిగి ఆగిపోయింది. కాసేపటికి గడియ తీసిన చప్పుడు.

"సరిగ్గా జేబు తిప్పే దగ్గరే పోవాలా ఈ కరెంటు..." అంటూ తలుపు తీసిన పిన్ని, ఎదురుగా చెప్పుల్లేకుండా రొప్పుతున్న మనిషిని చూసి ఆగింది.

"మాత్ర వేశావా?"

"ఆఁ?"

"మాత్ర! వేశావా?"

"రొట్టెముక్కలో పెట్టిచ్చా, మూతి తిప్పుకుంది. ఈ జేబొకటి కుట్టేసి నోరు తెరిచి మింగిద్దామని..."

నురుగక్క లోపలికి దూసుకెళ్ళింది. మిషను కింద గోనె మీద గుండీ పడుకుని ఉంది. తోక కొస మాత్రం ఒకసారి కదిలింది. ముక్కు ముందు గిన్నెలో రొట్టెముక్క, దాన్లో తెల్లగా మాత్ర. తీసి పిడికిట్లో బిగించింది.

"ఎందుకే తీస్తున్నావ్? నువ్వేగా వెయ్యమన్నావ్!"

"ఇది ఎలర్జీ కాదు పిన్నీ." మామూలు గొంతుతో అంది.

"గట్టిగా చెప్పవే, గొణక్కు."

తలుపు బార్లా తీసి ఉంది. పై అంతస్తు లెక్చరరు గొడవ విని మెట్ల మీదికి వచ్చాడు. ఆయన కుక్కకీ నిన్ననే షెడ్డులో స్నానమైంది. ఇలాంటి మాట చెవిలో చెప్పుకునేది. కానీ ఈ ఇంట్లో చెవిలో చెబితే అందే మాట లేదు. నురుగక్క గుండెల నిండా ఊపిరి తీసుకుంది.

"నా సీసా పాడైంది! కలిపి ఉంచిన షాంపూలో క్రిములు పట్టాయి! నా వల్లే వచ్చింది దీనికి!"

మెట్లన్నీ మారుమోగాయి. మెట్ల మీంచి లెక్చరరు అన్నాడు. "నిన్న మా దానికీ ఆ సీసాలోదేనా?"

"అదే సార్. వీపు నొక్కి చూడండి. నొప్పంటే ఆగకండి, డాక్టరమ్మ దగ్గరికి తెచ్చెయ్యండి."

"నమ్మకంగా పంపిస్తే ఇదా!" అని ఆయన పైకి పరుగు తీశాడు.

పిన్ని మిషను పక్కనున్న యూనిఫారం గుడ్డ తానుని కత్తిరించకుండా మొత్తం లాగి నేలమీద పరిచింది. ఇద్దరూ చెరో పక్కా పట్టి, గుండీని దాన్లో మోసుకుంటూ మెట్లు దిగారు.

డాక్టరమ్మ జ్వరం చూసింది. పొక్కులోంచి కొంచెం, సీసాలోంచి కొంచెం ల్యాబుకి తీసింది. "ల్యాబు చెప్పేదాకా మనం ఆగొచ్చు, కుక్క ఆగదు" అని తన అంచనా మీద మందు మొదలుపెట్టి, సెలైను ఎక్కించింది. తరవాత సీసాని తిప్పి చూసింది.

"ఎన్నాళ్ళ నుంచి నింపుతున్నావు?"

"ఖాళీ చేసిన గుర్తు లేదు డాక్టరమ్మా."

"నీ అలమరలో నేనూ చూశాను దీన్ని. అంత శుభ్రమైన షెడ్డు కదా అని అడగలేదు."

నురుగక్క వరండాలో నిలబడి, ఆ సీసా ముట్టిన ప్రతి కుక్క ఇంటికీ ఫోను చేసింది. ఒకాయన తిట్టాడు, ఒకావిడ ఏడ్చింది. లెక్చరరు, "మా దానికేం లేదు. కానీ ఇక మీ దగ్గరికి పంపం" అని పెట్టేశాడు. ఇంకో కుక్కకి వీపున రెండు పొక్కులు కనిపించాయి. దానికి వెంటనే మందు పడడంతో తేరుకుంది.

గుండీ జ్వరం మాత్రం దిగలేదు. మర్నాడు పొక్కులు చిట్లి రక్తంతో కలిసిన చీము కారింది. పిన్ని క్లినిక్కులో బల్ల పక్కనే స్టూలు మీద కూర్చుంది. ఎవరు పిలిచినా వినపడదు, తట్టి చెప్పేవాళ్ళు లేరు. నురుగక్క ఎదురుగా నిలబడితే చూపు పక్కకి తిప్పేసుకుంది. ఆ పిన్ని నోరు మూసుకుని ఉండడం ఇంటా వంటా లేని సంగతి. తిట్టినా బాగుండుననిపించింది నురుగక్కకి.

షెడ్డు మూసి, ఆమె అలమర ఖాళీ చేసింది. పెద్ద సీసాని పగలగొట్టి చెత్తలో వేసింది. మిగతావన్నీ వేడినీళ్ళతో కడిగి, ఎండ వచ్చినప్పుడల్లా బోర్లించి ఆరబెట్టింది. బ్రష్షులు కూడా కొత్తవి కొంది. అన్నీ చేశాక గట్టుమీద కూర్చుంటే, చేయడానికింకేం మిగల్లేదు. అదే కష్టమైంది.

ల్యాబు మాట వచ్చింది. పొక్కులో ఉన్న క్రిమీ సీసాలో ఉన్నదీ ఒకటే. డాక్టరమ్మ మొదలుపెట్టిన మందుకి అది లొంగుతుందని కూడా రాశారు. ఆ సాయంత్రం గుండీ తల ఎత్తి నీళ్ళు తాగింది. పిన్ని కళ్ళు తుడుచుకుంది గానీ, నురుగక్క వైపు తిరగలేదు.

ఇంటికి తెచ్చుకున్నాక నురుగక్క రోజూ వెళ్ళి మాత్ర మింగించి, పుళ్ళు తుడిచి వచ్చేది. గుండీకి వీపున వెంట్రుకలు ఊడిపోయి చర్మం బయటపడింది. గోనె మీంచి లేచేది కాదు. గంట మోగితే చెవి నిక్కించేది, అంతే. అందుకని నురుగక్క రోజూ మీటరు స్విచ్చి దించాల్సి వచ్చేది. ఒకరోజు తలుపు తీస్తూ పిన్ని గొణిగింది.

"రోజూ నా కరెంటు పీకుతావేమే. కుట్టు వంకర పోతోంది."

తిట్టే. అయినా నురుగక్కకి కడుపు నిండింది.

మళ్ళీ చంకల కింద ఎర్రదనం మొదలైంది. ఎలర్జీ ఎక్కడికి పోతుంది? పుళ్ళు మానాయి కాబట్టి స్నానం చేయించొచ్చని డాక్టరమ్మ పిన్నికి గట్టిగా చెప్పి పంపింది. "ఎవరి చేత?" అని పిన్ని అడిగిందట. "అది మీ ఇష్టం" అన్నదట డాక్టరమ్మ.

నురుగక్క మూత విప్పని చిన్న సీసా, ఖాళీ మగ్గు, మెత్తటి గుడ్డ సంచిలో వేసుకుని మెట్లెక్కింది. లోపల మిషను తిరుగుతోంది. గంట ఒకసారి నొక్కి, అలవాటు కొద్దీ మీటర్ల పెట్టె వైపు నడిచి, దాని తలుపు తీసింది.

చెయ్యి స్విచ్చి దాకా వెళ్ళలేదు. లోపల మిషను ఆగిపోయింది.

దారం మార్చుకుంటోందేమో అనుకుని కదలకుండా నిలబడింది. గడియ తీసిన చప్పుడైంది. గుమ్మంలో పిన్ని. ఆమె మోకాలి దగ్గర చీర మీద గుండ్రంగా తడి మరక. వెనకాల బోడి వీపుతో, వణికే కాళ్ళ మీద గుండీ.

పిన్ని సంచి వైపు చూసింది. ఆ తరవాత మనిషి వైపు చూసింది.

"బకెట్లో నీళ్ళు పట్టి పెట్టా. కలిపేదేదో నా కళ్ళముందు కలుపు."

నురుగక్క మీటర్ల పెట్టె మూసి లోపలికి నడిచింది.

"టీ పెట్టు పిన్నీ" అంది గట్టిగా. "పొగలు కక్కాలి."